చప్పుడు లేని యాంప్లిఫయర్

ఆ మధ్యాహ్నం పాత సామాన్ల షాపులో షాపాయనా, అక్కాచెల్లెళ్ళూ తప్ప ఇంకెవరూ లేరు. అక్క బడిలో డ్రాయింగ్ టీచరు. చెల్లిది పుట్టుచెవుడు. అయినా ఇంట్లో పాటల పిచ్చి చెల్లికే. స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని గంటలు గంటలు కూర్చుంటుంది. అక్క గొంతునూ చిన్నప్పట్నుంచీ అలాగే, వీపు మీద చెయ్యి పెట్టి గుర్తుపడుతుంది. పోయిన వారం ఇంట్లో ఉన్న యాంప్లిఫయర్ కాలిపోయింది. కొత్తది కొనే స్తోమత లేదు.

"పైమెరుగులు చూసి మోసపోకండమ్మా," అన్నాడు షాపాయన. "నాబ్ తిప్పితే గరగరలాడకూడదు. రెండు స్పీకర్లూ సమానంగా పలకాలి. పాటేమీ పెట్టకుండా సౌండు పెంచండి. గుంయ్‌మంటే మాత్రం వద్దు."

తళతళా మెరిసేది ఒకటి తేనెతుట్టెలా గుంయ్‌మంది. రెండోది నల్లది, చచ్చేంత బరువు. సౌండు మొత్తం పెంచినా చిన్న చప్పుడైనా లేదు.

"ఇంత మంచిది ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారండీ?"

ఆయన దుమ్ము తుడుస్తూ తలెత్తలేదు. "ముగ్గురు కొన్నారు. ముగ్గురూ తిరిగిచ్చేశారు. లోపం మాత్రం లేదమ్మా, విప్పి చూశాను."

"వాళ్ళకే చెవులు సరిగ్గా లేవేమో," అంది అక్క. ఆమె పెదాలు చదివిన చెల్లి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. మూడింటికే గదంతా మసక. యాంప్లిఫయర్ వేడెక్కుతుంటే కాలిన దుమ్ము వాసన, దాని అడుగున ఎన్నాళ్ళనుంచో ముక్కిన తడిగుడ్డల వాసన. మొదటి పాటకే చెల్లి మొహం వెలిగిపోయింది. అక్క ప్రాణం కుదుటపడింది.

పాట అయిపోయింది. చెల్లి స్పీకరు మీంచి చెయ్యి తియ్యలేదు.

"అయిపోయిందే," అని సైగ చేసింది అక్క.

"లేదు. ఎవరో మాట్లాడుతున్నారు."

అక్క స్పీకరుకు చెవి ఆనించింది. ఏమీ లేదు... సౌండు సున్నాకు తిప్పింది. స్విచ్చి ఆపింది. ఎర్ర దీపం ఆరిపోయింది. అయినా చెల్లి చెయ్యి అక్కడే ఉంది. అక్క వంగి, గోడలోంచి ప్లగ్గే పీకేసింది.

చెల్లి రెండు వేళ్ళు చూపించింది. "ఇద్దరు. ఒకళ్ళు నాకు తెలీదు. ఇంకొకళ్ళు..."

చూపుడువేలు మెల్లగా అక్క వైపు తిరిగింది.

"నువ్వు."

అక్క నోరు మూసుకునే ఉంది. ఇప్పుడు చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. "నేనేమంటున్నాను?"

చెల్లి కళ్ళు మూసుకుంది. తర్వాత వేళ్ళు కదిలాయి.

"ఏడుస్తున్నావు. వద్దంటున్నావు. మా చెల్లిని వదిలెయ్యమంటున్నావు."

అక్క ఒక్క ఉదుటున ఆ చెయ్యి లాగేసింది. అరచెయ్యి మంచుగడ్డలా ఉంది.

వాన తగ్గేదాకా కూడా ఆగలేదు. యాంప్లిఫయర్‌ను గోనెసంచిలో చుట్టి, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని షాపుకు మోసుకొచ్చారు. షాపాయన ఎందుకని అడగలేదు. అక్క దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు. "స్పీకరు మీద చెయ్యి ఎవరు పెట్టారు?"

"మా చెల్లి."

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఇంటికెళ్ళిపోండమ్మా. ఎక్కడా ఆగకండి."

బయట వాన వెలిసింది. వీధిలో నరపురుగు లేదు. అక్క చెల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా నడిచింది. నాలుగడుగులు వేశారో లేదో, చెల్లి టక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

అక్కకు ఏమీ వినబడలేదు...

చెల్లి ఆ ఖాళీ వీధిలోకి చూసి, ఎవరో పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు, వస్తున్నానన్నట్టు తలూపింది. ఆ తర్వాత ఒక్కో వేలూ, ఒక్కో వేలూ, అక్క చేతిలోంచి విడిపించుకోవడం మొదలుపెట్టింది.