నాలుగు నిమిషాల తేడా

రంజాన్ నెలలో కుట్టుపని వాళ్లకు తల దువ్వుకునే తీరిక ఉండదు. ఆ పొద్దున కూడా ప్రొద్దుటూరులో తన ఇంటి వసారాలో ఖలందర్ మిషను తొక్కుతున్నాడు. కోపమంతా దాని మీదే చూపిస్తున్నాడు. కొడుకు మొయిన్ ఆ మిషను వదిలేసి, బెంగళూరులో బండి మీద ఇంటింటికీ తిండి పొట్లాలు అందించే పనికి పోయి ఏడాదయింది. తండ్రి అప్పటినుంచీ కొడుకుతో మాట్లాడటం మానేశాడు.

అతన్ని అక్కడికి పంపింది తల్లి మాబున్ని. ఎనిమిదేళ్లు ఈ మిషను ముందు నోరు విప్పకుండా కూర్చున్న పిల్లోడు, అక్కడికి పోయాకే నవ్వుతున్నాడు. అది చాలు ఆమెకు. ట్రాఫిక్ హోరులో కొడుక్కి ఉపవాసం విడిచే వేళ బాంగు పిలుపు వినపడదని, సాయంత్రం ఇక్కడి మసీదులో బాంగు మొదలవగానే ఫోన్ చేసి చెప్పేది. పంతొమ్మిది రోజులుగా ఒక్క రోజూ తప్పలేదు.

కూతురు ఫరహత్ ఫోన్‌లో బెంగళూరు వేళలు చూసి ఊరుకుంటే బాగుండేది. పైకి చదివింది. అక్కడ పొద్దు నాలుగు నిమిషాలు ఆలస్యంగా కుంకుతుందట.

మిషను ఆగింది.

"పొద్దు కుంకకముందే వాని చేత ఒక్కపొద్దు ఇడిపిస్తివి కదే. పంతొమ్మిదీ మళ్లీ ఉండాల వాడు, ఎండలో బండి తోలుతా" అన్నాడు ఖలందర్.

పుణ్యం అనుకుని మాబున్ని చేసిందంతా పాపమైపోయింది. ఖలందర్ అంతటితో ఆగలేదు. అసలు ఆ పనే మంచిది కాదన్నాడు. ఈ రాత్రికే బస్సెక్కి రమ్మని చెప్పమన్నాడు. వస్తే మళ్లీ పోనివ్వడని ఆమెకు తెలుసు. ఏడుస్తూనే ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, జరిగిందంతా కొడుక్కి చెప్పింది.

మొయిన్ బండి పక్కకు ఆపి చెప్పాడు.

"నాకు మొదటి రోజే తెలిసిందిమ్మా. ఈడ బాంగయినాకే నీళ్లు తాగుతాండా."

"మరి నాకేల చెప్పలేదురా?"

"చెప్తే ఆ నాలుగు నిమిషాలు నువ్వూ ఏమీ తాగకుండా ఫోన్ పట్టుకుని కూర్చుంటావు."

ఆ మాట నిజం. అప్పుడు ఖలందర్ ముందుకు వంగి, ఏడాది తర్వాత మొదటిసారి కొడుకును అడిగాడు.

"ఆ నాలుగు నిమిషాలూ ఏం చేస్తాంటావురా?"

"ఆ టయానికి ఆర్డర్లు శానా పడతాయి నాయనా. ఒక్కపొద్దుండే ఇండ్లకు బాంగు లోపల అందియ్యాల కదా. నిన్న నాలుగో అంతస్తులో ఒక ముసలామెకు గంజి ఇచ్చినా. మెట్లు దిగతాంటే బాంగు ఇనపడింది."

ఎండిన గొంతుతో, చేతిలో గంజి పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కినవాడు తన కొడుకేనా అని ఖలందర్ అబ్బురపడ్డాడు. ఊరందరి కొలతలూ తీసిన మనిషి, కన్నకొడుకును ఇన్నాళ్లూ తక్కువ కొలిచానని సిగ్గుపడ్డాడు. మళ్లీ బస్సు ఊసెత్తలేదు.

ఆ సాయంత్రం బాంగు వినగానే గుక్కెడు నీళ్లు తాగి, మాబున్ని చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"నువ్వు తిను. ఈ పొద్దు నేను చేస్తా" అన్నాడు.

ముందున్న పళ్లెం ముట్టకుండా గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు ఇంత పొడుగని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. ముల్లు నాలుగు గీతలు దాటగానే ఫోన్ చేశాడు.

"పొద్దు కుంకిందిరా నాయనా. తాగు."

అవతలి నుంచి గటగటా నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించింది. ఖలందర్ కళ్లు మూసుకుని, ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు.