మైనస్ రెండువేల నాలుగువందల అరవై

"అక్కా! బావ మనల్ని నిండా ముంచిండే!"

తమ్ముడు గజేందర్ ఆ మాట అన్నప్పుడు సుహాసిని చేతిలో జావ గిన్నె ఉంది. మంచం మీద ఉన్న మనిషికి ఎక్కడ వినబడుతుందోనని ఆమె గబగబా వంటింటి తలుపు దగ్గరికి వేసింది. వినబడకుండా ఎలా ఉంటుంది! ఉన్నదల్లా ఒక గదీ, ఒక వంటిల్లూ. ఇరవై రెండేళ్ళు ఈ ఎడారి దేశపు లేబర్ క్యాంపుల్లో పదిమంది మధ్య పడుకున్న రాజేశం, ఫోర్‌మన్ అయ్యాక, పెళ్ళాంబిడ్డలతో ఒక్క కప్పు కింద బతకాలని ముచ్చటపడి నజ్మాలో ఆ పాత బిల్డింగు మూడో అంతస్తులో తీసుకున్న ఇల్లది. సుహాసినినీ, ఏడేళ్ళ కూతురు ధాత్రినీ జగిత్యాల నుంచి తెచ్చుకుని నిండా పది నెలలైనా కాలేదు... జూన్‌లో లుసైల్‌లో బిల్డింగు కట్టే సైటు మీదే కుప్పకూలాడు. పక్షవాతం! కుడిచెయ్యి, కుడికాలు, మాట... మూడూ ఒక్కపూటలో పోయాయి. పెద్దాసుపత్రి వాళ్ళు ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు. కంపెనీ జీతం ఆ నెలతోనే ఆగిపోయింది.

గజేందర్ బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఉంటాడు. కంపెనీ బస్సు నడుపుతాడు. శుక్రవారం ఒక్కరోజే అక్క దగ్గరికి వస్తాడు. ఆ రోజు బావ ఫోన్ తెరిచి మెసేజ్‌లు చదువుతూ కూర్చుని, ఇదిగో, ఈ పిడుగు పడేశాడు.

"కరెంటు బిల్లు సూడక్కా. నెలనెలా బ్యాంకుల నుంచి దానంతటదే కోసుకునేటట్టు బావ పెట్టుకున్నడు గదా... దాన్ని మే నెలల బావనే బంద్ చేయించిండు. అటెనుక బ్యాంకుల నుంచి కరెంటుకు ఒక్క రియాల్ పోలే. ఇప్పుడు లెక్క ఎంతున్నదో సూడు. మైనస్ రెండువేల నాలుగువందల అరవై!"

"మైనస్ అంటే ఏందిరా?"

"లోటు! నా బ్యాంకుల మైనస్ పడితే నేను కడ్తనా, వాళ్ళు నాకిస్తరా?"

తలుపు సందులోంచి ధాత్రి తల దూర్చింది. "అమ్మా, అది తీసివేత గుర్తు. మా టీచర్ చెప్పింది."

"తీసుడే బిడ్డా... మన దగ్గర నుంచి తీసుడే," అంది సుహాసిని. గిన్నె గట్టు మీద పెట్టేసింది.

ఆగస్టు! బయట ఇనుప రెయిలింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పోయిన ఎండాకాలం కింది అంతస్తులో ప్రమీల వాళ్ళకు ఖాతాలో డబ్బుల్లేక బ్యాంకు కోత వెనక్కి వచ్చి కరెంటు తీసేశారట. ఆ ఒక్క మధ్యాహ్నం ఎలా గడిచిందో కాకినాడ ప్రమీల ఇప్పటికీ కథలుగా చెబుతుంది. "గోడలు పొయ్యిలయిపోయాయండీ, పిల్లల్ని తీసుకుని సూపర్‌మార్కెట్లో కూర్చున్నాం సాయంత్రం దాకా!" అంటుంది. వాళ్ళు లేచి వెళ్ళగలిగారు. మరి లేవలేని మనిషిని ఎవరు మోసుకెళతారు? ఏసీ ఆగితే ఆ మంచం మీదే ఆ ప్రాణం ఉడికిపోదూ! ప్రమీలను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. కానీ మొగుడు అప్పు చేసి దాచాడని ఏ ముఖంతో చెబుతుంది? పరువు అడ్డం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడు వెళ్ళాక ఫోన్ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. "ఏమయ్యా, బ్యాంకుల కరెంటు బిల్లు కోసుకునుడు ఎందుకు బంద్ చేయించినవ్? ఇగో, ఈ మైనస్ ఏంది?"

రాజేశం ఫోన్ కేసి చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమచెయ్యి గాలిలో అడ్డంగా ఊపాడు. వంకరపోయిన మూతిలోంచి అతి కష్టం మీద ఒకే ఒక్క మాట వచ్చింది.

"మా... ఫీ... మాఫీ!"

పక్షవాతం అన్ని మాటల్నీ తుడిచేసి ఆయనకు వదిలింది ఈ ఒక్కటే. నీళ్ళు కావాలన్నా మాఫీ, నొప్పన్నా మాఫీ. ఆసుపత్రిలో మొదటిసారి విన్నప్పుడే సుహాసినికి అనుమానం మొదలైంది. మాఫీ తెలియని తెలుగింటి ఆడది ఎక్కడుంది! బ్యాంకు అప్పు మాఫీ, తప్పు మాఫీ... ఈ మనిషి నా దగ్గర ఏ తప్పుకు మాఫీ అడుగుతున్నాడు భగవంతుడా, అని లోలోపల కుమిలింది. "మీ బావ మాఫీ అడుగుతుండురా," అని తమ్ముడితో చెప్పి ఏడ్చింది కూడా. ఆమె నోట విన్న వాడూ అలాగే నమ్మాడు. ఇప్పుడు తెలిసిపోయింది. ఇదన్నమాట ఆ తప్పు!

మే నెల గుర్తొచ్చింది. ఆ నెలే రాజేశానికి సెలవు జీతం చేతికొచ్చింది. పెళ్ళప్పటి నుంచీ అనుకుంటున్న గొలుసు చేయించమని అడిగితే "పైసలు లేవు సుహా, వచ్చే ఏడు సూద్దాం," అని తల దించుకున్నాడు. నాలుగు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. గొలుసుకూ లేవు, కరెంటుకూ కట్టలేదు. మరి ఆ రియాళ్ళు ఏమయ్యాయి? "ఎవరికి పెట్టినవయ్యా? ఎవరున్నరు నీకీ ఊర్ల?" అని నిలదీసింది. రాజేశం తల అడ్డంగా ఊపుతూ, కన్నీళ్ళు కారుస్తూ, "మాఫీ... మాఫీ..." అంటూనే ఉన్నాడు.

మర్నాడే చెవి కమ్మలు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. పుట్టింటి కమ్మలు! గజేందర్ వాటిని అమ్మి, బిల్లులు కట్టే మిషన్‌లో ఖాతా నంబరు కొట్టి, లెక్క ప్రకారం రెండువేల నాలుగువందల అరవై కట్టేశాడు. హమ్మయ్య, ఇక ఏసీ ఆగదులే అని ఆమె బోసి చెవులతో ఊపిరి పీల్చుకుంది.

నెల తిరిగింది. ఫోన్ మోగింది. అంకెలు ఆమెకు వచ్చు. కూడబలుక్కుని చదివింది. మైనస్ నాలుగువేల ఆరువందల తొంభై!

కట్టినకొద్దీ పెరగడమేమిటి! ఏ వడ్డీ ఇది! అమ్మడానికి ఇంకేం మిగిలింది? మూడు నెలల ఏడుపూ, నడుం విరిగే చాకిరీ, ఎత్తి కడిగి తుడిచి తినిపించిన అలసటా... అంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. ఫోన్ ఆయన మొహం ముందు పెట్టి అరిచింది. రాజేశం అంకె చూశాడు, మళ్ళీ చెయ్యి అడ్డంగా ఊపాడు. "మాఫీ..."

"లేదు! నీకు మాఫీ లేదు! ఈ జన్మల లేదు! నన్నూ బిడ్డనూ ఎండల పడేసి ఇంకేం మాఫీ అడుగుతున్నవ్? గింతకన్న... నువ్వు ఆ సైటు మీదనే పోతే..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోతేనేం, విననివాడు కాడుగా! రాజేశం ఆమెను చాలాసేపు చూశాడు. ఎడమచెయ్యి మెల్లగా దించుకున్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచీ ఆ ఒక్క మాటా ఆయన నోట రాలేదు. దాహమైనా అడగలేదు.

పదకొండు రోజులు చూసింది సుహాసిని. ఇక లాభం లేదని, ప్రమీలను భర్త దగ్గర కూర్చోబెట్టి, బిల్లుల ఆఫీసుకు ఒంటరిగా బయల్దేరింది. ఈ దేశంలో ఆమె ఒంటరిగా గడప దాటడం అదే మొదటిసారి. కౌంటరులో నెరిసిన గడ్డం పెద్దమనిషి. ఛాతీ మీద పేరు బిళ్ళ ఉంది. ఆమె బొట్టూ, చీరకట్టూ చూసి "తెలుగామ్మా? మాది సైదాబాద్. గౌస్ మొహియుద్దీన్ నా పేరు. కూర్చో," అన్నాడు. ఆ తెలుగు వినగానే ఆమెకు ఏడుపు ఆగలేదు.

"సారూ, జరంత దయ సూడుండ్రి! కొంచెం కొంచెం కడ్త. కరెంటు మాత్రం కోయకుండ్రి. ఇంట్ల లేవలేని మనిషున్నడు!"

ఆయన ఆమె ఫోన్‌లోని ఖాతా నంబరు కొట్టి చూశాడు. నొసలు చిట్లించాడు. "ఏం కడ్తవమ్మా? నీకు కట్టేది మాఫీ."

సుహాసిని నిటారుగా కూర్చుంది. "మాఫీ... చేస్తరా సారూ? మొత్తం?"

"అరె, మన రుణమాఫీ కాదమ్మా! ఈ దేశంల మాఫీ అంటే 'లేదు' అని, సైట్ల మీద పనోళ్ళ నోట రోజంత గదే మాట. ఫులూస్ మాఫీ అంటే పైసల్లేవు. కట్టేది మాఫీ అంటే కట్టేది ఏం లేదు. ఈ మైనస్ నువ్వు మాకిచ్చేది కాదు. నీ పైసలే మా దగ్గర ఎక్కువున్నయ్. ముందే జమ చేసి పెట్టిండ్రు."

ఆమె బల్ల మీదికి వంగింది. "ఎవరు కట్టిండ్రు సారూ?"

"ఇగో, మే ఇరవై ఒకటిన మూడువేలు. పేరు రాజేశం. నా దగ్గరకే వచ్చిండు. సాలు మొత్తానిది, పన్నెండు నెలలది, ఒక్కసారి కట్టేటోళ్ళు ఉండరమ్మా, అందుకే యాదికున్నడు. ఎందుకన్నా, బ్యాంకు నుంచి పోతది గదా అంటే... డాక్టర్ మెదడుల నరం బాగలేదన్నడట. 'నేను పడితే జీతం ఆగుతది, బ్యాంకుల పైసలుండయ్, కోత వాపసొస్తది. ఎండాకాలంల కరెంటు పోతే నా బిడ్డ తట్టుకోదు సార్,' అన్నడు. గా పైసలతో వైద్యం చేయించుకో అన్న. నవ్విండు. 'దవఖాన పుక్కట్ల సూస్తది సార్, ఏసీ పుక్కట్ల తిరగది,' అన్నడు. ఇంట్ల చెప్పినవా అంటే, 'వద్దు సార్. కొత్తగొచ్చింది, భయపడ్తది. గొలుసు అడిగితే గూడ లేదన్న,' అని కండ్లు తుడుచుకున్నడు."

సుహాసినికి అప్పుడు అర్థమైంది. మాఫీ... మాఫీ... మూడు నెలలుగా ఆయన చెప్పింది ఇదా! కట్టేది లేదు, భయపడకు, కమ్మలు తియ్యకు, అంతా కట్టేశాను... ఉన్న ఒక్క మాటతో ఆ మనిషి ఇంత చెప్పాడే! తను ఏమంది? నీకు మాఫీ లేదంది!

"నువ్వు మల్ల కట్టింది వాపస్ కావాల్నంటే ఈ కాగితం మీద ఆయన సంతకం తీసుకురా అమ్మా," అన్నాడు గౌస్ మొహియుద్దీన్.

"ఆయన కుడిచెయ్యి పోయింది సారూ," అంది. గౌస్, ఎడమ బొటనవేలి ముద్రకు ఏం చెయ్యాలో పై అధికారిని అడిగి చెబుతానన్నాడు. ఆమె వినే స్థితిలో లేదు. కాగితం మడిచి కొంగులో కట్టుకుని బయటికి వచ్చేసింది.

ఇల్లు చేరి, ప్రమీల ఎదురుగానే మంచం కాళ్ళ దగ్గర పడిపోయింది. చచ్చుబడిన ఆ పాదం రెండు చేతులా పట్టుకుని తల ఆనించింది. "కట్టేది లేదని చెప్తివి... నాకు సమజ్ కాలేదయ్యా! గుడ్డిదాన్ని! పోతే బాగుండునన్న పాపిష్టిదాన్ని! నాకే మాఫీ కావాలె. ఏ భాషలనన్న సరే, ఒక్కసారి అను! తిట్టు! ఏదన్న అను!"

రాజేశం మొహం గోడవైపు నుంచి తిరిగింది. పదకొండు రోజుల తర్వాత ఆమె కళ్ళలోకి చూశాడు. ఎడమచెయ్యి లేచి, తడుముకుంటూ వచ్చి, ఆమె బోసి చెవి మీద ఆగింది. పెదవులు కదిలాయి. మా... అనబోయాడు. గాలి మాత్రమే వచ్చింది. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గాలే. తర్వాత ఫిజియో చెయ్యడానికి వచ్చిన నర్సు పరీక్షగా చూసి, మళ్ళీ చిన్న పక్షవాతమేదో వచ్చినట్టుందమ్మా, ఇక మాట రావడం కష్టం అంది. ఎప్పుడొచ్చింది ఆ రెండోది? ఆమె అరిచిన రోజునా? ఎవరికి తెలుసు! సుహాసిని ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. జీవితాంతం మోయాల్సింది తనే కనుక మోస్తోంది.

ఇప్పుడు నెలనెలా బిల్లు మెసేజ్ రాగానే ఆమె మంచం పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. "మైనస్సేనయ్యా. కట్టేది మాఫీ," అంటుంది. రాజేశం కళ్ళు మూసి తెరుస్తాడు. ఏసీ తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు పక్కనే హోంవర్కు రాసుకుంటున్న ధాత్రి తల ఎత్తింది.

"అమ్మా, బాపు నిన్ను మాఫీ చేసిండా?"

సుహాసిని భర్త దుప్పటి సరిచేసింది.

"ఏమో బిడ్డా... రోజూ అడుగుతున్న."