నాలుగు వేల ఐదు వందల ఓముల తాళం

మీటరు ముల్లు ఆరు వేల వంద దగ్గర ఆగింది. తలుపు కదలలేదు.

“మళ్ళీ పట్టుకోండి,” అంది డాక్టర్ కుముదిని.

సముద్రం ముందుకొచ్చి ఊళ్ళను మింగాక కట్టుకున్న గోడల పట్నం అది. అందరికీ కలిపి భూమి లోపల ఒకే మంచినీళ్ళ ట్యాంకు. నీళ్ళ దొంగతనం జరగకుండా కుముదిని దాని తలుపుకి ఒక తాళం తయారుచేసింది. మూడు వీధుల పెద్దలు తడి చేతులతో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడాలి. చివరి ఇద్దరూ చెరో రాగి పిడి పట్టుకోవాలి. యంత్రం ఒంటికి తెలియనంత కొద్ది కరెంటు పంపుతుంది. ప్రతి శరీరమూ దాన్ని కొంత అడ్డుకుంటుంది. ఆ అడ్డే రెసిస్టెన్స్. వరసలో ఉన్నవాటి రెసిస్టెన్సులు కూడితే మొత్తం వస్తుంది. సూర్రాజుది పన్నెండు వందల ఓములు, మస్తానమ్మది పదిహేను వందలు, ఏసుదాసుది పద్దెనిమిది వందలు. మొత్తం నాలుగు వేల ఐదు వందలు వస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

“పదహారు వందలు ఎక్కువొచ్చింది. ఎవడో ఏదో చేశాడు,” అంటూ సూర్రాజు ఏసుదాసు వైపు చూశాడు. “మునిగిన ఊరినుంచి ఆఖర్న వచ్చినోళ్ళకి పిడి ఇవ్వొద్దని ఆనాడే మొత్తుకున్నాను.”

“మాకు మాత్రం దాహం వెయ్యదా బాబాయ్? మా వీధిలో బిందెలు బోర్లించుకు కూచున్నారు,” అన్నాడు ఏసుదాసు.

“బాబాయ్ అంటే ఓములు తగ్గవురా!”

“సంగతి తేలేదాకా వీళ్ళ వీధి వంతు ఆపుదాం,” అంది మస్తానమ్మ.

కుముదిని ఒక్కొక్కరి చేతికీ రెండు పిడులూ ఇచ్చి విడివిడిగా కొలిచింది. ముగ్గురివీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడామె మీటరు వదిలేసి వాళ్ళ చేతులకేసి చూసింది.

“తప్పు ఏసుదాసుది కాదు. కరెంటు దారిలో ఏది ఉన్నా లెక్కలోకి వస్తుంది. మీ చేతులు కలిసే చోటు కూడా వస్తుంది. మీరు పట్టుకోవడం లేదు, వేలి కొసలతో ముట్టుకుంటున్నారు. ఎందుకు?”

మస్తానమ్మ, “గట్టిగా పట్టుకుంటే పక్కవాళ్ళు మన ఓముల్ని లాగేసుకుంటారటగా,” అంది.

“అలా ఎవరూ లాగలేరమ్మా.”

ముఖాలు అటు తిప్పుకునే ముగ్గురూ చేతులు బిగించారు. తలుపు తెరుచుకుంది. ఏసుదాసు వీధికి నీళ్ళు వెళ్ళాయి.

మర్నాడే ముగ్గురూ వచ్చారు. ఒక మాట మీదికి వాళ్ళు రావడం అదే మొదలు. “డాక్టరమ్మ గారూ, చేతులు పట్టుకునే పని మాకొద్దు. మా మధ్య తీగలు పెట్టండి,” అన్నాడు సూర్రాజు.

“తీగకి మనిషెవరో తెలియదండీ. పక్కన మనిషున్నాడని చేతికే తెలుస్తుంది,” అంది కుముదిని.

వాళ్ళు వినలేదు. మనిషి తన మీద కాపలా పెట్టినా ఓర్చుకుంటాడు గాని, పొరుగువాడి అరచేతి వేడిని ఓర్చుకోలేడు. రోజూ వచ్చే ఫిర్యాదులు పడలేక కుముదిని ఒప్పుకుంది. మూడు చెక్క గదులు, గదికి రెండు పిడులు, గదుల మధ్య తీగలు పెట్టించింది. ఇక ఎవరి ముఖం ఎవరూ చూడనక్కర్లేదు. మీటరు ఏనాడూ తడబడలేదు. ఇంత బాగా పనిచేసిన తాళం లేదని పట్నమంతా మెచ్చుకుంది.

ఎండాకాలం సగం గడవకముందే ట్యాంకు అడుగు కనిపించింది.

కుముదిని ముగ్గురినీ జేబులూ కొంగు ముడీ విప్పి చూపమంది. సూర్రాజు జేబులోంచి రేడియోలు బాగుచేసే కొట్లో దొరికే, కరెంటుని అడ్డుకునే రెసిస్టర్లు రెండు పడ్డాయి. ఒకటి పదిహేను వందల ఓములది, ఇంకోటి పద్దెనిమిది వందలది. వాటిని పక్క గదుల్లో పిడులకి తగిలిస్తే, యంత్రం లెక్కలో మిగతా ఇద్దరూ అక్కడ నిలబడినట్టే.

“దొంగ దొరికాడు!” అన్నాడు ఏసుదాసు.

“నీ జేబు కూడా విప్పు,” అంది కుముదిని.

అతని జేబులో రెండున్నాయి. మస్తానమ్మ కొంగు ముడిలో రెండున్నాయి.

“నాకు దొంగబుద్ధి లేదు. వీళ్ళిద్దరూ తోడేస్తారని మా వీధి వంతు ముందే తీసి దాచానంతే,” అంది మస్తానమ్మ. తక్కిన ఇద్దరూ అదే మాట చెప్పారు.

కుముదిని యంత్రంలో పాత కొలతలు తిరగేసింది. ఎక్కడా ఒక్క ఓము తేడా లేదు. తలుపు తెరిచిన ప్రతిసారీ ముగ్గురూ కలిసే తెరిచారని యంత్రం చెప్పింది.