అమ్మ బొటనవేలు

కూతురు నగ్మా కాలేజీ సీటు పోయిన రోజు ఉదయం మస్తాన్‌బీ ఎప్పటిలాగే పొయ్యి మీద టీ పెట్టింది. కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. నగ్మా "సరే సార్" అని రెండుసార్లు అని పెట్టేసింది.

"ఏమన్నారే?"

"స్కాలర్‌షిప్ రాలేదు, ఫీజూ కట్టలేదు కదా. సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశారంట."

స్కాలర్‌షిప్ రావాలంటే తల్లి వేలిముద్ర పడాలి. మస్తాన్‌బీ ఎన్నిసార్లు బొటనవేలు నొక్కినా మెషీన్ తీసుకోలేదు. కంటితో ప్రయత్నిస్తే శుక్లం అడ్డొచ్చింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆమె పని వేటపాలెం ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టడమే. పెంకులోంచి కారే నూనె వేలి గీతల్ని ఎప్పుడో తినేసింది.

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ దించలేదు.

అప్పుడే వాకిట్లో లిడియా కేక వినిపించింది. ఫ్యాక్టరీలో మస్తాన్‌బీ పక్క పీట ఆమెదే.

"ఏమే మస్తాన్‌బీ! మహారాణిలా ఇంట్లో కూర్చున్నావా? నెల్లాళ్ళ నుంచి నీ పీట ఖాళీ. మేస్త్రి ఇంకొకర్ని పెట్టుకుంటానంటున్నాడు!"

నగ్మా తల్లి వైపు తిరిగింది. "ఫ్యాక్టరీ మూసేశారన్నావు."

మస్తాన్‌బీ కుడిచేతిని కొంగులో దాచుకుంది.

"నేను ఫీజు కోసం ఇంటింటికీ తిరుగుతుంటే, నువ్వు పని మానేసి అబద్ధం చెప్పావా? నాన్నే ఉంటే ఇట్లా చేసేవాడా? నేను చదవడం నీకిష్టం లేదు. ఆ మాట ముందే చెప్పాల్సింది!"

"అంత మాట అనకే." మస్తాన్‌బీ కుడిచేయి చాపింది. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. విప్పితే కొబ్బరినూనె వాసన వచ్చింది. "పిక్కలు ముట్టకుండా ఉంటే కొత్త తోలు వస్తుందని డాక్టరుగారు చెప్పారు. గీతలొచ్చాక ఒక్కసారి నొక్కొచ్చి, మళ్ళీ పనిలోకి పోదామనుకున్నా. నీకు చెబితే నా బదులు నువ్వు పిక్కలు కొట్టడానికి పోతావని చెప్పలేదు. చూడు, ఈ పక్కన కొంచెం వచ్చాయి... వచ్చాయి కదా?"

నగ్మా ఆ వేలిని వెలుతురుకి తిప్పి చూసింది. లేత తోలు మీద ఒక అంచున సన్నటి గీతలు. మిగతాదంతా నున్నగా ఉంది. ఆ వేలిని కళ్ళకి ఆనించుకుని ఏడ్చింది.

"ఫ్యాక్టరీకి నేను పోతానమ్మా. నువ్వు ఇంట్లో ఉండు."

"నీ వేళ్ళు వద్దు!" మస్తాన్‌బీ గొంతు మొదటిసారి గట్టిగా పలికింది. "రేపు నీ ముద్ర కూడా అడుగుతారు. ఆ పిక్కల్లో చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

లిడియా గడప దగ్గర నిలబడి అంతా విన్నది. "పీట సంగతి మేస్త్రికి నేను చెబుతాలే," అని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నగ్మా తల్లి వేలికి మళ్ళీ నూనె రాసి గుడ్డ చుట్టింది. సీటు పోయింది. వేలిముద్ర ఇంకా పడలేదు.