శుక్రవారపు తడి

ఆ రోజు తనిఖీలో మూడో వానమానిక స్తంభానికి అధికారి వరదరాజులు ముద్రగా బొటనవేలు ఆనించాడు. తెర వెలిగింది. ‘బొమ్మగుట్లపల్లె. వారం తడి తొమ్మిది మిల్లీమీటర్లు. ఊరు తృప్తి. మధ్యాహ్నపు మొయిలు, కొండ మీది విహారనగరానికి మళ్ళింపు.’

తృప్తేనట! చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉంది. అయినా అతనికి జాలి కలగలేదు. మొయిళ్ళకు, అంటే మబ్బులకు, దారి చూపే కేంద్రం ప్రతి ఊరి తేమచరిత్రా కంఠతా పట్టింది. ఈ ఊరిది పన్నెండేళ్ళుగా నిండు చరిత్ర. వీళ్ళకు ఎంత కురిపించినా ఏడుపే, దరిద్రపు మనుషులు అనుకున్నాడు.

ఊరి పెద్దామె ఉలిగమ్మ చంకలో బిందెతో వచ్చింది. జానెడు లోతు తవ్వి, మట్టి తీసి, అతని ముక్కు ముందే పిడికిలి బిగించి విప్పింది. పిండిలా రాలింది.

“ఉండ కడతాందా సామీ? పునర్వసు కార్తె ఎల్లుండితో సరి. ఈ పొద్దు పదును కాకపోతే ఇత్తనం కాయలు ఉడకేసుకొని తినాల్సిందే.”

“మానిక అబద్ధమా, నీ పిడికిలి నిజమా? పోవమ్మా, పనుంది.”

ఆమె కొంగుముడి విప్పింది. మానిక స్తంభానికి పసుపు రాసి, బిందెత్తి, పైనున్న వాన పట్టే గిన్నె మీద నుంచి నీళ్ళు కుమ్మరించింది. తెర మీద తొమ్మిది కాస్తా పద్దెనిమిదయింది.

“ఏయ్! ఏం చేస్తున్నావ్?”

“కడుగుతాండా. శుక్రవారం గదా! గిన్నె శుభ్రంగా ఉండాలని ఈ అరుగు మీద నిలబడి నువ్వే చెప్తివి. పన్నెండేండ్లు, ఒక్క వారం తప్పలే. మాకు తాగను లేకపోయినా దీనికి బిందె తగ్గించలే.”

వరదరాజులుకు పన్నెండేళ్ళ కిందటి ఆ రోజు గుర్తొచ్చింది. పొడి గుడ్డతో తుడవమని చెప్పాల్సింది. ఆ ఒక్క మాట అనలేదు. ఈ మట్టి మొహాలకు అన్ని మాటలెందుకని అరుగు దిగి వెళ్ళిపోయాడు. ఎంత సిగ్గుమాలిన పని చేశాడు!

కేంద్రాన్ని పిలిచాడు. గొంతులో తొణుకూ బెణుకూ లేకుండా జవాబొచ్చింది. “తేమచరిత్ర దిద్దబడదు. మానిక చెడిందని ప్రకటిస్తారా? అయితే మీ ముద్ర ఉన్న నలభై ఊళ్ళ మానికలూ అనుమానితాలు. మీ పదవి రద్దు.”

పడమట మొయిలు కనిపిస్తోంది. నోరు మూసుకుంటే అయిదు నిమిషాల్లో దాటిపోతుంది. ఉద్యోగం ఉంటుంది. ఉలిగమ్మ అతని వంక చూడనైనా చూడకుండా, ఖాళీ బిందె పక్కన పెట్టుకుని పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

“థూ, నా బతుకు!” అని వరదరాజులు ‘చెడింది’ నొక్కాడు.

తెర మీద నలభై ఊళ్ళూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. నెత్తిమీదికొచ్చిన మొయిలు, దారి లెక్క చెరిగిపోయి, ఆగింది.

“గమ్యం?” అంది కేంద్రం. “గమ్యం?” అని మళ్ళీ అడిగింది. అన్నీ తెలిసిన మహాతల్లికి దారి తెలియలేదు!

“ఏమాయె సామీ, నిలబడిపాయె?”

“ఎక్కడికి పోవాలో తెలియడం లేదు దానికి.”

గమ్యం లేని మొయిలు పది నిమిషాలకు మించి బరువు మోయలేదు. పదకొండో నిమిషంలో చినుకు పడింది, ఆపైన కుండపోత. ఉలిగమ్మ తడుస్తూనే కూర్చుంది. వాన వెలిశాక మళ్ళీ జానెడు తవ్వి, పిడికిలి బిగించి విప్పింది. నల్లటి ఉండ, ఆమె వేళ్ళ గుర్తులతో సహా నిలిచింది.

దాన్ని అతని అరచేతిలో పెట్టింది.

“ఇప్పుడెయ్యి సామీ, నీ ముద్ర.”