చందనం తాగిన పొడి

2006 డిసెంబరు. ఉయ్యూరు రోడ్డు మీద, చెరకు లారీ వెనక ఆగిన కారులో డాక్టర్ వెంకటకృష్ణారావును సైలెన్సర్ తుపాకితో కాల్చేశారు. సీటు కింద దాచిన శాంపిల్ సీసా మాయమైంది. అలాంటిది మరొకటి లేదు.

ఏజెంట్ నాసిర్ శవాన్ని చూశాడు. ఏమీ అనిపించలేదు. ఇన్నేళ్ల సర్వీసులో అతని మనసు చెప్పుల్లేకుండా తిరిగిన అరికాలులా మొద్దుబారిపోయింది.

పటమట ల్యాబ్‌లో బ్రీఫింగ్ ఇచ్చింది హతుడి భార్య జ్ఞానేశ్వరి. ఆమే తోటి శాస్త్రవేత్త. ఆమె కళ్లూ పొడిగానే ఉన్నాయి.

"ఆ సీసాలో ఉన్నది కంటికి కనపడని రంధ్రాలుండే స్ఫటికాల పొడండీ. అందులో కార్బన్ నానోట్యూబులు అల్లాం. పొగలో కార్బన్ డయాక్సైడ్‌ని మామూలు పొడికి రెట్టింపు పట్టేస్తుంది. కాకపోతే తిండిపోతు. వేరే నూనె, ఆవిరి ముందు దొరికితే అదే తాగి కూర్చుంటుంది. వేక్యూమ్‌లో వేడిచేస్తేగాని మళ్లీ ఖాళీ అవదు. అది పోతే ఆయన జీవితమంతా చేసిన పని పోయినట్టేనండీ."

చీఫ్ బసవపున్నయ్య ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేశాడు. "కొనేవాడు క్రేన్ అనే విదేశీయుడు. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. చెయ్యి వెయ్యకూడదు. సరుకు వాడంతట వాడే వదిలెయ్యాలి."

"తెచ్చేదెవరు సార్?"

"మహెక్. డబుల్ ఏజెంట్. ఇవాళ ఎవరి మనిషో నాకూ తెలియదయ్యా."

కలుసుకునే చోటు మహెకే కబురు పెట్టింది. గవర్నర్‌పేటలో, తాతల కాలం నుంచి నాసిర్ కుటుంబం నడుపుతున్న అత్తరు కొట్టు. నాసిర్ తెల్లగడ్డం అంటించుకుని గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు.

ముత్యాల రంగు చీరలో మహెక్ దిగింది. వెనకే క్రేన్.

"మొగలి అత్తరుందా భాయ్?" అంది. అది కోడ్ వర్డ్.

"పాతదుందమ్మా."

"టెస్ట్ చెయ్యకుండా తీసుకోను," అన్నాడు క్రేన్ ఇంగ్లీషులో. కార్బన్ డయాక్సైడ్ కొలిచే సిగరెట్ పెట్టెలాంటి మీటర్, వేలెడు గ్యాస్ సిలిండర్ తీసి, పొడికి గిన్నె అడిగాడు.

నాసిర్ చందనం అత్తరు గిన్నెను పైపైన తుడిచి ఇచ్చాడు. గిన్నె వాసన విడిగా తెలియకుండా, దూదిని అదే అత్తరులో ముంచి అతిథి చెవి మడతలో పెట్టబోయాడు. క్రేన్ చెయ్యి కోటు జేబులోని తుపాకి మీదికి వెళ్లింది. నాసిర్‌కు భయం కూడా వెయ్యలేదు.

"ఇక్కడి మర్యాద అది. కాదంటే వీధంతా వింతగా చూస్తుంది," అంది మహెక్. క్రేన్ దూది పెట్టించుకోవడానికి తల వంచాడు. అతని చూపు అటుండగా ఆమె సీసాలోని పొడిని గిన్నెలో వంపి, అడుగున మిగిలిన నూనెలో వేలితో బాగా కలిపింది. ఇవాళ ఆమె ఎవరి మనిషో నాసిర్‌కు అప్పుడు తెలిసింది.

క్రేన్ మీటర్ పక్కన పెట్టి, గిన్నె మీదికి సిలిండర్‌లోని గ్యాస్ వదిలాడు. పొడి దాన్ని మింగితే ముల్లు పడిపోవాలి. ముల్లు వణికి, కాస్త కిందికి జారింది. క్రేన్ చెయ్యి గిన్నె అందుకోబోయింది. ముల్లు మళ్లీ లేచి, అక్కడే నిలబడిపోయింది.

"నకిలీ," అని గిన్నెను పక్కకు నెట్టి, చెవిలో దూదితోనే వెళ్లిపోయాడు. ఆపే హక్కు ఎవరికీ లేదు.

పటమట ల్యాబ్‌లో పొడిని వేక్యూమ్‌లో వేడిచేశారు. పంపు వెనక నుంచి చందనం వాసన గదంతా పరుచుకుంది. చల్లారాక గ్యాస్ వదిలితే ముల్లు నిట్టనిలువునా పడిపోయింది.

జ్ఞానేశ్వరి దాన్నే చూస్తూ అంది. "ఆయనకి అత్తరు పడదండీ. ఉండుంటే ఈపాటికి తుమ్మితుమ్మి, ల్యాబ్ పాడుచేశావని నన్ను తిట్టేవారు."

నాసిర్ కళ్లు తుడుచుకున్నాడు. "ఘాటు ఎక్కువగా ఉందండీ," అన్నాడు, మూడు తరాలుగా అత్తరు అమ్ముకునే ఇంట్లో పుట్టినవాడు.