కోడలి ఆట, అత్తగారి దిద్దుబాట్లు

పొద్దున్నే అయిదున్నరకి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చోవడం కోడలికి మూడేళ్లుగా అలవాటు. ఏడింటికి మూసేసి, పిల్లని బడికి తయారుచేసి, తొమ్మిదికల్లా కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే మెషిన్ ముందుంటుంది. ఆ గంటన్నరే ఆమెది. అందులో ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేస్తోంది, ఒక్కతే. నీళ్లలో మునిగిన ఊళ్లో ఒకమ్మాయి పడవ మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఆట.

ఒక రోజు దుకాణానికి సెలవు పెట్టింది. కంటి ఆపరేషనయిన అత్తగారిని పరీక్షకి తీసుకెళ్లాలి. ఆస్పత్రిలో కూర్చోబెట్టి, "మీ వంతు వచ్చేసరికి గంట పడుతుందట. పన్నెండుకల్లా వచ్చేస్తా అత్తయ్యా" అని ఇంటికొచ్చింది. ఆటలో పడవ వంతెన కింద ఇరుక్కుపోతోంది, అదొక్కటీ సరిచేసేద్దామనుకుంది. సరిచేసి తలెత్తేసరికి రెండూ పది.

పరుగున వెళ్లేసరికి అత్తగారు ఆస్పత్రి బయట బెంచీ మీద, నల్లద్దాలతో, చుక్కలమందు చీటీ గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఫోను కోడలి సంచిలోనే ఉండిపోయింది. కోడలి చెయ్యి పట్టుకోకుండా, గోడ తడుముకుంటూ ఆటో దాకా నడిచింది.

నిలదీసింది సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కొడుకు. సిటీ బస్సు డ్రైవరు, గొంతు పెంచే మనిషి కాదు.

"సరిగ్గా కనబడని మనిషిని రోడ్డు పక్కన వదిలేశావు."

"తప్పు నాదేనండీ."

"మూడేళ్లయింది. ఎవరడిగారు నిన్నీ ఆట? నువ్వు మానేస్తే బాధపడేవాళ్లు ఒక్కరున్నారా, చెప్పు."

నమూనాగా ఇంటర్నెట్లో పెట్టిన మొదటి భాగాన్ని పందొమ్మిది మంది దింపుకున్నారు. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

"మానేస్తాను," అని లాప్‌టాప్ తీసుకెళ్లి బీరువాలో బట్టల అడుగున పెట్టింది.

పదకొండు రోజులు గడిచాయి. అయిదున్నరకి మెలకువ మాత్రం మానలేదు. వంటింటి డబ్బాలన్నీ తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడుస్తుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. అప్పటికి నల్లద్దాలు తీసేశారు.

"ఆ పెట్టె ఇలా తీసుకురా. నన్ను రెండు గంటలు కూర్చోబెట్టిందేమిటో నేనూ చూడాలి."

ఇరవై ఎనిమిదేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషావిడ. ఏ మీట నొక్కితే పడవ ఎటు తిరుగుతుందో నేర్చుకుని, నాలుగు రోజులు మధ్యాహ్నాలు తెర ముందే కూర్చుంది. ఆదివారం అందరూ ఇంట్లో ఉండగా, రెండు వైపులా రాసిన కాగితాలు కోడలి ముందు పెట్టింది.

"తెర మీది రాతల్లో నూట ఆరు తప్పులు. 'కళ తప్పిన ఊరు' అనాల్సిన చోట 'కల తప్పిన ఊరు' అన్నావు. ఇది ఇలాగే గడప దాటితే నా పరువేం కావాలి?"

"ఇంక బయటికి పంపనుగా అత్తయ్యా."

"ఎందుకు పంపవు? సగం కూర్చిన పేజీ వదిలేసి ఇంటికెళ్లడం మా ప్రెస్సులో ఎరగం."

"అమ్మా, నువ్వూ వంత పాడుతున్నావా?" అన్నాడు కొడుకు.

"ఎవరడిగారన్నావుగా. నేనడుగుతున్నాను." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఆ బెంచీ మీద నాకు భయమేసిందే. నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోకు. పొద్దున గంటన్నర నీది. ఏడయ్యాక అది మూతపడాలి."

"పడుతుంది అత్తయ్యా. మీ మీదొట్టు."

"ఏడింటికి నేను పిలుస్తాలే. వినబడకపోతే మళ్లీ పిలుస్తా," అన్నాడు కొడుకు. అతను క్షమించమనడం అలాగే ఉంటుంది, ఆమెకి తెలుసు.

అందరూ లేచాక ఆమె కాగితాలు తిరగేసింది. చివరి దాని అడుగున, తప్పుల లెక్కలో చేరని ఒక వాక్యం: "పచ్చ తలుపు ఇంటి ముసలాయనకి ఉత్తరం ఇచ్చాక కూడా ఈ పిల్ల అక్కడే నిలబడిపోయింది. ఆయన ఈమెకి ఏమవుతాడు?"

మూడేళ్లలో ఆ ఆట గురించి ఆమెనెవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. ఆ ముసలాయన ఎవరో తేల్చుకోలేకే ఏడాదిగా ఆ ఘట్టాన్ని దాటవేస్తూ వచ్చింది.

మర్నాడు అయిదున్నరకి బల్ల ముందు కూర్చుంది. అత్తగారికి జవాబు చెప్పాలంటే ముందు ఆటలో ఆ పచ్చ తలుపు ఇంటి లోపలి గది కట్టాలి. కిటికీతో మొదలుపెట్టింది.